సెంటర్‌లో ఒక గంట, ఇంట్లో వారమంతా: దూరాన ఉన్న పిల్లలకు థెరపీ అందేలా చేసుకోవడం ఎలా

జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో మెడ నిలపని పాపో, మూడేళ్లొచ్చినా మాట రాని బాబో ఉంటే అందరూ ఇచ్చే సలహా ఒకటే: "హైదరాబాద్ తీసుకెళ్లండి". వెళ్తారు, స్కానింగులు చేయిస్తారు, చివరికి "థెరపీ చేయించండి" అని రాసిన చీటీతో తిరిగొస్తారు. ఆ చీటీ పట్టుకుని ఎక్కడికి పోవాలో, ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్లు చేయించాలో అందులో ఉండదు. ఇక్కడ చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని తల్లిదండ్రులు ఆ చీటీ చేతికొచ్చాక చేయాల్సిన పనుల గురించి.

చేయాల్సినవి రెండు. ఉచితంగా, దగ్గర్లో దొరికే సేవను వదలకుండా పట్టుకోవాలి. అక్కడ చూపించినదాన్ని ఇంట్లో రోజూ చేయగలిగేంతకు కుదించుకోవాలి. చాలామంది మొదటిదానికే ఒళ్లు హూనం చేసుకుని రెండోదాన్ని వదిలేస్తారు. మార్పు ఎక్కువగా వచ్చేది మాత్రం రెండోదాంతోనే.

అనుమానం వచ్చిన వారమే కదలండి

నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, రెండేళ్లకు రెండు పదాలు కలిపి అనలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చూపించాల్సిందే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేవరకు వయసును కాన్పు తేదీ నుంచి కాకుండా డాక్టరు ఇచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కించండి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఆరో నెలలో మెడ నిలిచిందంటే అది ఆలస్యం కాదు.

"వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అనే మాటతో ఏడాది, రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. చప్పట్లు కొడితే తిరిగాడు కాబట్టి వినిపిస్తోందనుకోవద్దు. కొన్ని ధ్వనులు వినిపించి, మాటలోని సన్నని ధ్వనులు వినిపించని పిల్లలు ఉంటారు. ధ్వని చెవి నుంచి మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బేరా టెస్ట్ చేయించండి. పసిపిల్లలకు నిద్రలోనే చేస్తారు కాబట్టి ఆ రోజు బస్సులో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్తే పని ఒక్కసారికే అయిపోతుంది.

రెండు విషయాల్లో మాత్రం వారం కూడా ఆగొద్దు. వచ్చిన మాటలు, నేర్చుకున్న పనులు పోతుంటే వెంటనే చూపించండి. నిద్ర లేచిన వెంటనే బిడ్డ వరసగా ఉలిక్కిపడుతూ ముందుకు వంగుతుంటే ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. చూడ్డానికి కడుపునొప్పిలా కనిపించినా అది ఫిట్స్ కావచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఆరేళ్లలోపు బిడ్డ అయితే దారి అంగన్‌వాడీ నుంచి మొదలవుతుంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. వాళ్లు వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగి పీహెచ్‌సీ నుంచి రిఫరల్ రాయించుకుని నేరుగా డీఈఐసీకి (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి థెరపీ ఇచ్చే జిల్లా కేంద్రం) వెళ్లండి. జనం నోట డైస్ సెంటర్ అంటే ఇదే, జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకేచోట ఉండాలన్నది దాని ఏర్పాటు. ఆచరణలో ఒకటి రెండు పోస్టులు ఖాళీగా ఉండొచ్చు, కొందరు కొన్ని రోజులే రావచ్చు. జిల్లాలు విడిపోయాక కొత్త జిల్లా కేంద్రంలో సెంటర్ ఉందో, పాత జిల్లా కేంద్రానికే వెళ్లాలో కూడా తెలియాలి. అందుకే బయల్దేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి "స్పీచ్ థెరపిస్టు ఏ రోజు ఉంటారు?" అని పోస్టు పేరు చెప్పి అడగండి. "సెంటర్ తెరిచి ఉందా?" అని అడిగితే ఉందనే చెబుతారు.

బడి వయసు పిల్లలకు మండల కేంద్రంలోని భవిత కేంద్రం ఉంది. సమగ్ర శిక్షా కింద నడిచే ఈ కేంద్రాల్లో ఐఈఆర్‌పీలు అనే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. మంచం దిగలేని పిల్లలకు ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటూ ఉంది, కానీ పిల్లల పేరు బడి రికార్డులో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కింద నమోదై ఉండాలి. బడికి రావడం లేదని పేరు కొట్టేయించుకున్నవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న ఎన్‌ఐఈపీఐడీ (పాతవాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అంటారు) మేధో వైకల్యానికి జాతీయ సంస్థ. అదే ప్రాంగణం చుట్టుపక్కల వినికిడి, మాట సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నెల్లూరులో వైకల్యాలున్నవాళ్లకు సేవలిచ్చే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీ ఉంది. సికింద్రాబాద్, నెల్లూరు రెండుచోట్లా 2021లో ఆరేళ్లలోపు పిల్లలకు అన్ని రకాల వైకల్యాలనూ ఒకేచోట చూసే ప్రత్యేక కేంద్రాలు మొదలయ్యాయి. చూపు సమస్య ఉన్నవాళ్లకు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

ఈ పెద్ద సంస్థలకు ప్రతి వారం వెళ్లాలని పెట్టుకోకండి. పూర్తి అసెస్‌మెంట్ చేయించుకోవడానికి, ఇంట్లో చేయాల్సిన కార్యక్రమం రాయించుకోవడానికి కొన్ని నెలలకోసారి వెళ్లండి. వారం వారం చేయించేది మాత్రం ఇంటికి దగ్గర్లోనే ఉండాలి. ప్రతి వారం రాత్రి ప్రయాణం చేసి నలభై నిమిషాల సెషన్ చేయించుకొచ్చే కుటుంబం ఎక్కువకాలం నిలబడదు. నాలుగు నెలలకు డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి.

ఒక ఫైలు పెట్టుకోండి

డీఈఐసీ కాగితాలు భవిత కేంద్రానికి తెలియవు, పెద్దాసుపత్రి కాగితాలు డీఈఐసీకి తెలియవు. వీటిని కలిపేది మీ ఫైలే. అందులో ఉండాల్సినవి: కాన్పు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ (బరువు, ఎన్ని వారాలకు పుట్టాడు, ఏడ్చాడా, ఎన్ని రోజులు బాక్సులో ఉన్నాడు, కామెర్లు ఎంత), తల్లీబిడ్డల కార్డు, ఎంఆర్‌ఐ, బేరా, కంటి పరీక్ష రిపోర్టులు, ఫిట్స్ మందుల పేర్లు, డోసులు. చివర్లో ఒక నోట్‌బుక్. థెరపిస్టు మారినప్పుడల్లా (తరచూ మారుతుంటారు) కొత్తవాళ్లు అసెస్‌మెంట్ మళ్లీ మొదటినుంచీ చేస్తారు. ఏ వ్యాయామం ఎప్పుడు మొదలైంది, ఏది మానేశారు, ఎందుకు మానేశారు అని రాసుకుంటే ఆ రెండు మూడు సెషన్లు మిగులుతాయి.

సర్టిఫికెట్ కోసం థెరపీ ఆపొద్దు

డీఈఐసీలో చూపించుకోవడానికి వైకల్య సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా "సదరం అయ్యాక వెళ్దాం" అని నెలలు పోగొట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. రెండూ పక్కపక్కనే నడిపించండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. చాలా ప్రయోజనాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. మీసేవలోనో, సచివాలయంలోనో, వైకల్య గుర్తింపు కార్డుల (యూడీఐడీ) పోర్టల్‌లో సొంతంగానో దరఖాస్తు చేయొచ్చు. మెడికల్ బోర్డు ముందుకు బిడ్డను తీసుకెళ్లాలి. ఆ రోజు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ముఖ్యంగా సైకాలజిస్టు రిపోర్టు లేకపోతే ఆటిజం, మేధో వైకల్యం కేసుల్లో ఇంకో తేదీ ఇచ్చి పంపేస్తారు. చిన్నపిల్లలకు తరచూ తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు. గడువు తేదీని ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి, అది దాటితే పెన్షనూ పాసులూ ఆగిపోతాయి. శాతం తక్కువ వేశారనిపిస్తే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడిచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది కాబట్టి బెంగళూరుకో, చెన్నైకో వలస వెళ్లినా మళ్లీ తీసుకోనక్కర్లేదు.

ప్రయాణం, డబ్బు

థెరపీ మానేయడానికి పెద్ద కారణం ఫీజు కాదు, ప్రయాణం. రానూపోనూ చార్జీలు, పోయిన కూలి, ఇంట్లో ఇంకో బిడ్డను చూసుకునే మనిషి లేకపోవడం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. అంటే తల్లో నానమ్మో తీసుకెళ్తే సగం భారం తగ్గినట్టే. ఇంట్లో ఒక్కరికే థెరపీ పని నేర్పకుండా ఇద్దరికి నేర్పడం ఇందుకూ పనికొస్తుంది. భవిత కేంద్రానికి వచ్చే పిల్లలకు రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం ఉన్నాయి. ఆలస్యంగా పడతాయి, బ్యాంకు ఖాతా వివరాలు తప్పుంటే అసలే పడవు. జూన్‌లోనే ఎంఈఓ కార్యాలయంలో ఒకసారి సరిచూసుకోండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది. మామూలు బీమాల్లో ఉండని థెరపీ ఖర్చు, ఓపీ ఖర్చు ఇందులో కొంతమేరకు వస్తాయి. ముందస్తు వైద్య పరీక్షలేవీ ఉండవు, ప్రీమియం ఏడాదికి వందల్లోనే. సర్టిఫికెట్ రాగానే చేరండి. క్లెయిములు తిరగ్గొట్టడానికి మామూలు కారణాలు రెండు: బిల్లు మీద థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు లేకపోవడం, బిల్లులన్నీ పోగేసి గడువు దాటాక పంపడం. పన్ను కట్టేవాళ్లకైతే పాత పన్ను విధానంలో వైకల్యం ఉన్న బిడ్డ పోషణ, చికిత్సల కింద ఆదాయంలో 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది.

సెషన్‌లో మీరు చేయాల్సింది

బయట కుర్చీలో కూర్చోకండి. లోపల ఉండి చూడండి, తర్వాత థెరపిస్టు ముందే మీ చేతులతో చేసి చూపించండి. చూసి వచ్చేసిన వ్యాయామం ఇంటికొచ్చాక సగం తప్పుగా జరుగుతుంది. బిడ్డకు తినిపించి, నిద్ర తీరాక, ఫిట్స్ మందు వేళకు వేసి తీసుకెళ్లండి. ఏడుపుతోనే అయిపోయిన సెషన్‌కు కారణం చాలాసార్లు ఆకలే.

ప్రతిసారీ వెళ్లే ముందు ఇంట్లో ఒక నిమిషం వీడియో తీయండి: కూర్చోవడం, తినడం, నడక. నడకైతే నిక్కరు వేసి, ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి తీయాలి. గౌను మోకాళ్లను కప్పేస్తే ఆ వీడియో పనికిరాదు. సెంటర్‌లో ముడుచుకుని కూర్చున్న పిల్లాడు ఇంట్లో ఏం చేయగలడో థెరపిస్టుకు తెలిసే దారి ఇదొక్కటే. వెళ్లలేని వారాల్లో వాట్సాప్‌లో ఇలాంటి వీడియో పంపి సలహా తీసుకోవడానికి ముందే ఒప్పించుకోండి.

బయటికొచ్చే ముందు ఒక్కటి అడగండి: "వచ్చేసారికి ఏం రావాలి?" "బలం పెరగాలి" అన్నది జవాబు కాదు. "ఆసరాతో అయిదు నిమిషాలు కూర్చోవాలి", "కావాలంటే వేలితో చూపించాలి" వంటివి జవాబులు.

ఇంట్లో

పది వ్యాయామాలు రాసిచ్చిన కాగితాన్ని ఇంటికొచ్చాక ఎవరూ ముట్టుకోరు. థెరపిస్టుతో కూర్చుని వాటిని రెండు మూడుకు తగ్గించుకోండి. వాటిని స్నానం, తిండి, బట్టలు వేయడం, ఆట వంటి రోజూ ఎలాగూ జరిగే పనులకు కట్టేయండి. "సాయంత్రం తీరిగ్గా చేద్దాం" అనుకున్నది జరగదు.

కాళ్లు బిగుసుకుని కత్తెరలా పడే పిల్లల్ని చేతుల మీద అడ్డంగా పడుకోబెట్టి మోయకండి. మన అమ్మమ్మలు ఎత్తుకున్నట్టే, కాళ్లు రెండువైపులా విడేలా చంకన ఎత్తుకోండి. కాళ్లు తెరుచుకుంటాయి, మెడ నిలుపుకోవడం అలవాటవుతుంది, చుట్టూ ఏం జరుగుతోందో కనిపిస్తుంది. బిగుసుకున్న కండరాన్ని గట్టిగా లాగొద్దు. నెమ్మదిగా చాచి, సడలేదాకా పట్టి ఉంచాలి. నొప్పి పుట్టించి చేస్తే బిగుతు ఇంకా పెరుగుతుంది, థెరపిస్టును చూస్తేనే బిడ్డ ఏడుస్తాడు.

కూర్చోబెట్టడానికి ఖరీదైన కుర్చీ అక్కర్లేదు, ఊరి వడ్రంగి చేస్తాడు, కొలతలు మీరిస్తే. బిడ్డ నడుము వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి అందులో రెండు వేళ్ల మందం తగ్గిస్తే సీటు లోతు వస్తుంది. మోకాలి మడత నుంచి మడమ దాకా సీటు ఎత్తు. మోచేయి మడిచినప్పుడు అది ఉండే ఎత్తులో ముందు బల్ల. పాదాలు గాల్లో వేలాడకూడదు, వేలాడితే పిల్లాడు ముందుకు జారిపోతాడు. జారకుండా తుంటి దగ్గర మెత్తని పట్టీ కట్టాలి. పొట్టకు కడితే అది పైకి జరిగి ఊపిరికి అడ్డం వస్తుంది. మెడ ఇంకా నిలవని బిడ్డకైతే రెండు పలకల్ని మూలగా బిగించిన కార్నర్ సీటు మేలు. కొలతలు ఆరు నెలలకోసారి మళ్లీ తీయండి. నడవని పిల్లలకు ఏడాదికోసారైనా తుంటి ఎక్స్‌రే గురించి ఎముకల డాక్టరును అడగండి. తుంటి కీలు నొప్పి లేకుండానే మెల్లగా జారిపోతుంది, తెలిసేసరికి ఆపరేషన్ దాకా వస్తుంది.

తినిపించేటప్పుడు ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పోయొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. పల్చటి నీళ్లకు పొలమారే పిల్లలకు చిక్కటి జావ సులువు. తిన్నాక ఇరవై, ముప్పై నిమిషాలు కూర్చోబెట్టే ఉంచండి. తింటుంటే దగ్గు, గొంతులో గరగర, మాటిమాటికీ న్యుమోనియా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతోందని అనుమానించి డాక్టరుకు చెప్పండి. ఇది థెరపీలా వాయిదా వేయగలిగింది కాదు, ముందు చూడాల్సిన పని.

మాట కోసం: అడగకముందే అన్నీ అందించే ఇంట్లో బిడ్డకు మాట అవసరం రాదు. "పాలా, నీళ్లా?" అని రెండూ చూపించి, మనసులో పది లెక్కపెట్టుకునేదాకా ఆగండి. చూపో, వేలో, "పా" అన్న ధ్వనో వస్తే వెంటనే ఇవ్వండి. "పాలు అను, అప్పుడే ఇస్తా" అని ఏడిపించొద్దు. ఇంట్లో ఏ భాష మాట్లాడితే బిడ్డతోనూ అదే మాట్లాడండి. మాట ఆలస్యమైంది కాబట్టి ఇంగ్లీషులోనే మాట్లాడమని చెప్పేచోట ఆ సలహాను పక్కన పెట్టేయండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, తల్లికి సరిగా రాని భాషలో పలకరింపు తగ్గిపోతే మాత్రం నష్టమే. బొమ్మల కార్డులు వాడితే మాట రాకుండా పోతుందన్నదీ అపోహే.

వినికిడి యంత్రం పెట్టిన బిడ్డకు మెలకువగా ఉన్నంతసేపూ అది చెవిలో ఉండాలి. బడికి మాత్రమే పెట్టడం వల్ల ఉపయోగం లేదు. యంత్రంలో ఈల మోగుతుంటే చెవిలో పెట్టే అచ్చు వదులైందని అర్థం. పసిపిల్లల చెవి పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి అచ్చు మార్పించాలి. లోపలి చెవిలో వినికిడి యంత్రం అమర్చే కాక్లియర్ ఆపరేషన్ జరిగినవాళ్లకైతే ఆ తర్వాతి థెరపీయే అసలు చికిత్స. అది మానేస్తే యంత్రం చెవిలో ఉంటుంది, మాట మాత్రం రాదు.

ప్రైవేటు సెంటర్‌లో చేరే ముందు

స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. సీఆర్‌ఆర్ నంబరు అడిగి ఆర్‌సీఐ వెబ్‌సైటులో చూడండి. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్లను డిగ్రీ ఏమిటో అడగండి. బోర్డు మీద పేరు ఒకరిది, బిడ్డతో కూర్చునేది ఇంకొకరు కావడం మామూలే. కాబట్టి చేతులు వేసేవాళ్ల అర్హతే అడగాలి. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వనిచోట, మూడు నెలల ఫీజు ముందే కట్టమనేచోట, "ఆరు నెలల్లో పూర్తిగా నయం" అనేచోట చేర్చకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే వద్దంది. దానికి పొలం అమ్మే పరిస్థితి తెచ్చుకోవద్దు.

థెరపిస్టే లేకపోతే

ఒక్కరు వెళ్లి అడిగితే "పోస్టు ఖాళీ" అన్న జవాబుతో ముగుస్తుంది. మండలంలో ఇలాంటి పిల్లలున్న కుటుంబాల్ని అంగన్‌వాడీ టీచర్, ఐఈఆర్‌పీ సాయంతో వెతకండి. పిల్లల వయసు, సమస్య, ఊరు, భవిత కేంద్రానికి దూరం రాసి జాబితా చేసి, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు, చోటు మార్చమనో, అదనపు రోజు ఇవ్వమనో ఎంఈఓకు రాతపూర్వకంగా ఇవ్వండి. డీఈఐసీ సంగతైతే డీఎంహెచ్‌ఓకు. రసీదు తీసుకోండి, లేదా ప్రజావాణిలోనో గ్రీవెన్స్ సెల్‌లోనో ఇచ్చి నంబరు తెచ్చుకోండి. కదలిక లేకపోతే ఆ కాగితాలతోనే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు, విచారించే అధికారం చట్టంలోని 80వ సెక్షన్ ఇచ్చింది. అదే జాబితాతో ఒకే రోజు ఒకే ఆటో మాట్లాడుకుంటే చార్జీ కూడా పంచుకోవచ్చు.

ఆరేళ్లు నిండే ముందు

డీఈఐసీ ఎక్కువగా చూసేది ఆరేళ్లలోపు పిల్లల్ని. ఆ తర్వాతి బాధ్యత బడి వైపు మారుతుంది, చాలామందికి థెరపీ ఆగిపోయేది సరిగ్గా ఈ మలుపులోనే. అయిదున్నరేళ్లకే డీఈఐసీలో చివరి అసెస్‌మెంట్ చేయించి, ఇప్పుడు ఏం చేయగలడో, ఇంకా ఏది కావాలో రాసిచ్చిన సమ్మరీ అడిగి తీసుకోండి. దాన్ని ఐఈఆర్‌పీకి ఇచ్చి, బడిలో చేర్చేటప్పుడే ప్రత్యేక అవసరాల కింద నమోదు చేయించండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు, కాబట్టి "ఇలాంటి పిల్లల్ని చేర్చుకోం" అంటే ఆ మాటను రాసిమ్మనండి. ఇంట్లో చేసిన కుర్చీ కొలతలు, తినిపించే పద్ధతి, ఫిట్స్ వస్తే ఏం చేయాలన్నది ఒక్క కాగితం మీద రాసి క్లాస్ టీచర్‌కు, మధ్యాహ్న భోజనం వడ్డించే ఆమెకు చెరో ప్రతి ఇవ్వండి.